ఓమ్ నియమం పాఠం: మీటర్లో అంకెలు రావట్లేదు, పిల్లల నుంచి జవాబులు రావట్లేదు

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
బీఎడ్ రెండో ఏడాది, 16 వారాల ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. పదో తరగతి, 48 మంది. ల్యాబులో పనిచేసే అమ్మీటర్ ఒకటి, వోల్ట్‌మీటర్ ఒకటి. ఓమ్ నియమానికి పుస్తకంలో చెప్పినట్టే 10 సెం.మీ. ఇనుప చువ్వ (సైకిల్ స్పోక్) పెట్టాను. కీ (స్విచ్) నొక్కగానే అమ్మీటర్ ముల్లు చివరిదాకా వెళ్లి కొట్టుకుంటోంది. వోల్ట్‌మీటర్ ముల్లు సున్నా దగ్గరే కదలకుండా ఉంటోంది. సెల్లు చేత్తో పట్టుకుంటే వేడి. V/I (వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేది) స్థిరం అని చెప్పడానికి బోర్డు మీద రాసే అంకెలే లేవు.
రెండో సమస్య ఇంకా పెద్దది. "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అని అందరూ ఒకేసారి అంటారు. "ఎందుకు?" అంటే ఒక్కరూ మాట్లాడరు. పీరియడ్ ప్లాన్ ఎనిమిది పేజీలు రాస్తే 45 నిమిషాల్లో సగం కూడా కదలట్లేదు. వచ్చే గురువారం మెథడ్ లెక్చరర్ (బోధనా పద్ధతులు చెప్పే మా కాలేజీ సార్) అబ్జర్వేషన్‌కి వస్తారు. ఈలోపు ఏం మార్చుకోవాలి?

నిక్రోమ్‌తీగ
తప్పు మీది కాదు, చువ్వది. లెక్క వేసి చూడండి. సైకిల్ స్పోక్ మందం 2 మి.మీ. అనుకుంటే అడ్డుకోత వైశాల్యం 3.14 చదరపు మి.మీ. ఇనుము విశిష్ట నిరోధం (ఆ పదార్థం కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) సుమారు 1×10⁻⁷ ఓమ్ మీటర్. 10 సెం.మీ. ముక్కకి వచ్చేది 0.003 ఓమ్. స్టెయిన్‌లెస్ స్టీల్ స్పోక్ అయితే విశిష్ట నిరోధం ఏడు రెట్లు ఉంటుంది, అప్పుడు కూడా 0.02 ఓమ్ చుట్టుపక్కలే. అంటే మీరు సెల్లుని షార్ట్ చేస్తున్నారు. కరెంటుని ఆపుతున్నది సెల్లు లోపలి నిరోధం, వైర్లు, వదులుగా ఉన్న జాయింట్లు మాత్రమే. చువ్వ రెండు చివరల మధ్య పొటెన్షియల్ భేదం దాదాపు లేదు, అందుకే వోల్ట్‌మీటర్ కదలదు.
నిక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమలోహం) తీగ తెచ్చుకోండి, దాని నిరోధం ఎక్కువ. 30 గేజీది (ఎస్‌డబ్ల్యూజీ కొలతలో) మీటరుకి సుమారు 14 ఓమ్‌లు, అర మీటరు తీసుకుంటే 7. ఒక్క సెల్లుకి 0.2 ఆంపియర్ వస్తుంది, మీటరుకీ సెల్లుకీ ఇద్దరికీ క్షేమం.

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
ల్యాబులో నిక్రోమ్ లేదు సార్. మా ఊళ్లో సైన్స్ సామాన్ల షాపు కూడా లేదు.

నిక్రోమ్‌తీగ
కరెంటు సామాన్ల షాపులో 1000 వాట్ల హీటర్ కాయిల్ అడగండి, అది కూడా ఆ జాతి తీగే. 230 వోల్టుల దగ్గర దాని నిరోధం 230×230÷1000, అంటే 53 ఓమ్‌లు. సాగదీయని స్ప్రింగ్‌ని పొడవులో ఏడో వంతు కత్తిరిస్తే 7 ఓమ్‌లకు కాస్త అటూ ఇటూ వస్తుంది. మిగతా ముక్కలు పారేయకండి. పొడవు మారితే నిరోధం ఎలా మారుతుందో తరవాతి పీరియడ్‌కి అవే పనికొస్తాయి.
నిక్రోమ్‌కి మామూలు టంకం పట్టదు. చివరలు గరుకు కాగితంతో గీకి, స్క్రూ ఉన్న కనెక్టర్‌లో బిగించండి. చుట్టి వదిలేసిన జాయింటు ప్రతి రీడింగుకీ ఒక్కో నిరోధం చూపిస్తుంది. V/I కుదరని ప్రయోగాల్లో ఎక్కువ శాతం తప్పు అక్కడే దొరుకుతుంది.

ఓరుగల్లు_సైన్స్
చువ్వ ముచ్చట నిజమే. మా తెలంగాణ పుస్తకంల చువ్వనే ఉన్నది. ఆంధ్రల పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వచ్చింది కదా, అండ్ల అర మీటరు నిక్రోమ్ తీగ, 1.5 వోల్టుల సెల్లు నాలుగు అని ఉంటది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకొని చదువుకుంటె ఇసొంటివి ముందే తెలుస్తయి. పీరియడ్ ప్లాన్ రాసేముందు ప్రయోగం చెయ్యాలె. ప్లాన్ రాసినంక చేస్తె ప్లాన్ అంత కొట్టేసుడే.

చాక్‌పీస్_డబ్బా
పైన చెప్పిన మాటకి నాది ఒక్క చేర్పు. ప్రయోగం ముందు రోజు రెండుసార్లు చెయ్యాలి. ఒకసారి ల్యాబులో, ఒకసారి పాఠం చెప్పే గదిలో. ల్యాబులో బాగా కనిపించిన మీటరు ముల్లు తరగతిలో కిటికీ వెలుతురు అద్దం మీద పడి కనిపించకపోవచ్చు. బల్ల ఊగితే కనెక్షన్ ఊడుతుంది. ప్లగ్ పాయింటు పనిచేయదు. ఇవేవీ ప్లాన్‌లో రాయని విషయాలు, పీరియడ్‌ని మింగేది ఇవే.

బ్యాటరీ_గోదారి
నిక్రోమ్ గారు చెప్పింది అంతా కరెక్టేనండి. పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి ముందే చెబుతాను. నాలుగు సెల్లు పెడితే 6 వోల్టులు రావాలి కదా, మీటరు 5.1 ఎందుకు చూపిస్తోంది అంటారు. దీనికి "సెల్లు పాతవి" అని తప్పించుకోకండి. 7 ఓమ్‌ల తీగతో, మామూలు పెద్ద సెల్లుతో రీడింగులు ఇంచుమించు ఇలా ఉంటాయండి. ఒక సెల్లు: 1.4 వోల్టులు, 0.20 ఆంపియర్లు. రెండు: 2.8, 0.39. మూడు: 4.0, 0.57. నాలుగు: 5.1, 0.73. భాగహారం చేస్తే 7.0, 7.2, 7.0, 7.0. కరెంటు పెరిగేకొద్దీ సెల్లు లోపలే కొంత వోల్టేజి పోతుంది. అయినా తీగ చివరల మధ్య ఉన్న V ని, తీగలో పోయే I తో భాగిస్తున్నాం కాబట్టి నిష్పత్తి మారదు. వోల్ట్‌మీటర్ తీగకి సమాంతరంగా పెట్టాలి, సెల్లు సంఖ్యని 1.5 తో గుణించి రాయకూడదు అన్నది ఎందుకో అక్కడే తేలిపోతుంది.

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
నేను అదే చేశానండి, సెల్లు సంఖ్యని 1.5 తో గుణించి పట్టిక నింపించాను. మార్చుకుంటాను. 7.2 వచ్చిన దగ్గర పిల్లలు "తప్పు" అంటే?

బ్యాటరీ_గోదారి
7.2 ని చెరపకండి, 7.0 చేయకండి. ముల్లు రెండు గీతల మధ్య ఆగితే ఒకరు 0.39 అంటారు, ఒకరు 0.40 అంటారు. 2.8ని 0.40తో భాగిస్తే 7.0 వస్తుంది. ఒక్క గీత తేడాకి నిష్పత్తి ఎంత మారిందో వాళ్ల చేతే లెక్క చేయించండి. గ్రాఫు గీసేటప్పుడు నాలుగు చుక్కలనీ కలుపుతూ వంకర గీత కాకుండా, వాటి మధ్యగా మూలబిందువు గుండా ఒకే సరళరేఖ ఎందుకు గీస్తామో అప్పుడు అర్థమవుతుంది.

సున్నపుతేట
అంకెల సంగతి తేలింది కాబట్టి "అర్థమైంది సార్" సంగతికి వద్దాం. నా దృష్టిలో ఆ కోరస్‌కి కారణం పిల్లలు కాదు, ప్రశ్న. "అర్థమైందా?"కి రెండే జవాబులు, అందులో ఒకటి చెబితే తిట్లు పడతాయని పదేళ్ల బడి నేర్పింది. ఆ ప్రశ్నని మీ నోట్లోంచే తీసేయండి.
బదులుగా ప్రయోగానికి ముందు ఊహ అడగండి. ఒక సెల్లుకి 0.20 వచ్చింది, బోర్డు మీద రాశారు. రెండో సెల్లు చేతిలో పట్టుకుని ఆగండి. "ఇది కలిపితే ముల్లు ఎక్కడ ఆగుతుంది? అ: అక్కడే. ఆ: 0.40 దగ్గర. ఇ: 0.10 దగ్గర." నోట్‌బుక్కులో అక్షరం రాయమనండి, ఆ తరవాతే చేతులు ఎత్తించండి. రాయకముందు చేతులెత్తిస్తే ఫస్ట్ బెంచీ అమ్మాయి చెయ్యి చూసి అందరూ ఎత్తుతారు. లెక్క బోర్డు మీద రాయండి: 9, 31, 8. అప్పుడు కీ నొక్కండి. తన అంచనా పుస్తకంలో రాసుకున్న పిల్లాడు ముల్లు వైపు చూస్తాడు. రాసుకోని వాడు మీ ముఖం వైపు చూస్తాడు.

ఓరుగల్లు_సైన్స్
ఇదే అసలు ముచ్చట. "ఇ" అన్న ఎనిమిది మందిని కూడ అడగాలె, ఎందుకు అనుకున్నరు అని. రెండు సెల్లు అడ్డంగ పక్కపక్కన పెడుతరని అనుకునుంటరు, లేకుంటె నిరోధం రెట్టింపైతది అనుకునుంటరు. ఎవలి కారణం వాళ్లకుంటది.

రెండోబెల్లు
ఇంకో కిటుకు: అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగి సగటున సెకను మాత్రమే ఆగుతారని చూపించారు. మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పొడవవుతాయి, "తెలీదు"లు తగ్గుతాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు. మూడు సెకన్లు తక్కువనిపిస్తుంది గానీ తరగతి ముందు నిలబడితే చాలా పొడవు. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టుకోండి. పిల్లాడు జవాబు చెప్పాక కూడా ఇంకోసారి ఆగండి. "వెరీ గుడ్" అన్న క్షణంలో మిగతా 47 మంది ఆలోచించడం మానేస్తారు.

పీరియడ్_ప్లాన్
రెండోబెల్లు గారూ, వినడానికి బాగుంది. కానీ అబ్జర్వేషన్ షీటులో "ప్రశంస, పునర్బలనం" అని ఒక గడి ఉంటుంది. వెరీ గుడ్ అనకపోతే ఆ గడిలో మార్కు పడదు. ఛాత్రోపాధ్యాయుల (టీచర్ ట్రైనీల) బాధ మార్కులతో కూడా ముడిపడి ఉంది.

రెండోబెల్లు
మెచ్చుకోవద్దని అనట్లేదు. దేన్ని మెచ్చుకుంటున్నారో చెప్పండి. "సున్నా దగ్గర ముల్లు సరిగ్గా ఉందో లేదో ముందు చూశావు, అది మంచి పని" అంటే పునర్బలనమే, మార్కూ పడుతుంది. సరైన జవాబుకి ఒక్కదానికే "గుడ్" అంటే తప్పు చెప్పినవాడు రేపటి నుంచి నోరు తెరవడు.

శంఖుపువ్వు
మైక్రో టీచింగ్ చేయించింది దీనికోసమే కదా. 6 నిమిషాలు బోధన, 6 పరిపుష్టి (ఫీడ్‌బ్యాక్), 12 మళ్లీ ప్లాను, 6 పునర్బోధన, 6 పునఃపరిపుష్టి, మొత్తం 36 నిమిషాలు. ప్రశ్నించే నైపుణ్యం ఒక్కటే తీసుకుని ఒకసారి చక్రం తిప్పండి.

పీరియడ్_ప్లాన్
మైక్రో టీచింగ్‌లో ముందు కూర్చునేది తోటి ట్రైనీలు. పదిమందీ పెద్దవాళ్లు, అందరికీ జవాబు తెలుసు, అడగగానే సరైన జవాబే వస్తుంది. ఆ అలవాటుతో నిజమైన తరగతికి వెళితే రెండో నిమిషంలో చతికిలబడతారు. రికార్డు రాసుకోవడానికి తప్ప అది ఉపయోగపడదని నా అభిప్రాయం.

శంఖుపువ్వు
అలా చేయిస్తే ఉపయోగపడదు, ఒప్పుకుంటాను. అందుకే తోటి ట్రైనీలకి పాత్రలు ఇవ్వాలి. ఒకరు "కరెంటు బల్బులో ఖర్చయిపోతుంది" అని పట్టుబట్టాలి. ఒకరు ఏమడిగినా పుస్తకంలో వాక్యం అప్పజెప్పాలి. ఒకరు మౌనంగా ఉండాలి. ఆ ముగ్గురితో 6 నిమిషాలు నెట్టుకురాగలిగితే 48 మందితో నెట్టుకురాగలరు. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో దీన్ని మొదలుపెట్టినప్పటి ఉద్దేశం కూడా ఒకే నైపుణ్యాన్ని చిన్న తరగతిలో సాధన చేయడం. రికార్డు నింపడం తరవాత వచ్చి చేరింది.

పీరియడ్_ప్లాన్
పాత్రలు ఇవ్వడం బాగుంది. ఇది మా బ్యాచ్‌లో పెడతాను.

నిక్రోమ్‌తీగ
శంఖుపువ్వు గారు అన్న "కరెంటు ఖర్చయిపోవడం" పదో తరగతిలో చాలామందికి ఉండే నమ్మకం. మన భాషలో కూడా అది ఉంది, "కరెంటు ఎక్కువ కాలుతోంది" అంటాం. గురువారం పాఠానికి ముందే దీన్ని కదిలించాలి. ఒకే అమ్మీటర్ చాలు. టార్చి బల్బు, రెండు సెల్లు, అమ్మీటర్ వరసలో కలపండి. అమ్మీటర్ని బల్బుకి ముందు పెట్టి రీడింగు రాయించండి. "బల్బు దాటాక పెడితే?" అని ఊహ రాయించండి. చాలామంది తక్కువ అంటారు. అదే అమ్మీటర్ని బల్బు అవతల కలిపితే అదే రీడింగు. అమ్మీటర్ ధన ధ్రువం సెల్లు ధన ధ్రువం వైపే ఉండాలి, మార్చేటప్పుడు తిరగబడితే ముల్లు వెనక్కి కొడుతుంది, పాఠం కాస్తా మీటరు రిపేరు అవుతుంది.

సున్నపుతేట
ఆ బల్బునే ఓమ్ నియమం దగ్గర మాత్రం నిక్రోమ్ బదులు వాడకండి. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పటికీ వెలుగుతున్నప్పటికీ కొన్ని రెట్ల తేడా. V/I పెరుగుతూ పోతుంది, గ్రాఫు వంగుతుంది. "స్థిర ఉష్ణోగ్రత దగ్గర" అన్న మాట నియమంలో ఎందుకు ఉందో చెప్పడానికి రెండో రోజు వాడితే అద్భుతంగా ఉంటుంది. నిక్రోమ్‌కి కూడా రీడింగు తీసుకునే నాలుగైదు సెకన్లే కీ మూసి ఉంచండి.

పత్రహరితం
క్షమించాలి, మధ్యలో జీవశాస్త్రం తెస్తున్నాను. ఇదే ఇంటర్న్‌షిప్, ఇదే అబ్జర్వేషన్. ఆకులో పిండిపదార్థం పరీక్ష. మందార ఆకు, నల్ల కాగితం, స్పిరిట్, అయోడిన్ అన్నీ పుస్తకం ప్రకారమే. ఆకు మొత్తం పసుపు గోధుమ రంగులోనే ఉంది, పిండిపదార్థం ఉంటే రావాల్సిన నీలినలుపు రాలేదు. పీరియడ్ ఉదయం మొదటిది.

చాక్‌పీస్_డబ్బా
జవాబు మీ ఆఖరి వాక్యంలోనే ఉంది మేడమ్. మొక్క రాత్రంతా చీకట్లో ఉండి పిండిపదార్థాన్ని వాడేసుకుంటుంది, తరలించేస్తుంది. ఉదయం తెంపిన ఆకులో మిగిలేది తక్కువ. ఆకు కనీసం నాలుగైదు గంటలు మంచి ఎండ తిన్నాక, మధ్యాహ్నం రెండు మూడు గంటలకి కొయ్యాలి. టైంటేబుల్ మీ చేతిలో లేదు కాబట్టి ముందు రోజు మధ్యాహ్నం కోసి, వెంటనే మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచండి. ఆకు చచ్చిపోతుంది, ఎంజైములు ఆగిపోతాయి, పిండిపదార్థం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. దాన్ని మూత బిగించిన సీసాలో స్పిరిట్‌లో రాత్రంతా వదిలేయండి. వేడి చేయకుండానే పచ్చరంగు దిగిపోతుంది. ఉదయం మొదటి పీరియడ్‌లో నీళ్లలో కడిగి అయోడిన్ వేస్తే చాలు. స్పిరిట్‌ని తరగతిలో వేడి చేసే ప్రమాదమే తప్పుతుంది.
ముసురు పట్టిన రోజుల్లో ఈ ప్రయోగం పెట్టుకోకండి.

పత్రహరితం
వేడి చేసి చూపించాలని రికార్డులో ఉంది కదా?

చాక్‌పీస్_డబ్బా
చూపించాలనుకుంటే స్టవ్ మీద నీళ్లు మరిగించి, స్టవ్ ఆర్పి, పక్కకి జరిపి, ఆ తరవాత స్పిరిట్ ఉన్న పరీక్షనాళికని ఆ నీళ్లలో దించండి. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, మరిగిన నీళ్ల వేడి సరిపోతుంది. మంట వెలుగుతుండగా స్పిరిట్ సీసా మూత తెరవకూడదు. ఆకు బయటికి తీసినప్పుడు పెళుసుగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో ముంచితే మెత్తబడి పరచడానికి వీలవుతుంది.

ఓరుగల్లు_సైన్స్
అయోడిన్ చిక్కగ పోస్తె కూడ అంత గోధుమ రంగే కనపడతది. మెడికల్ షాపు టింక్చర్‌ని నీళ్లు కలిపి పలుచటి చాయ్ డికాక్షన్ రంగుకు తేవాలె. ముందుగాల గంజి చుక్క మీద వేసి చూడున్రి. గంజి నల్లవడ్డది, ఆకు నల్లవడలేదు అంటె తప్పు ఆకుది. గంజి కూడ నల్లవడలేదు అంటె తప్పు అయోడిన్‌ది. ఆ గంజి చుక్కని పిల్లలకు కూడ చూపియ్యున్రి, అదే పోల్చుకునే నమూనా.

కొవ్వొత్తి_8
ఇవన్నీ సామాన్లు కావాలి. ఎప్పుడూ ఫెయిలవని ప్రయోగం ఒకటి చెబుతా. పళ్లెంలో నీళ్లు, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి గాజు గ్లాసు బోర్లించడం. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్లు గ్లాసులో అయిదో వంతు ఎక్కుతాయి. గాలిలో ఆక్సిజన్ 21 శాతం అని ఒక్క నిమిషంలో నిరూపణ. అబ్జర్వేషన్ రోజు ఇదే పెట్టుకోండి.

సున్నపుతేట
ప్రయోగం ఫెయిలవదు, వివరణ ఫెయిలవుతుంది. దయచేసి అలా చెప్పకండి. మైనం మండితే ఆక్సిజన్ పోయిన చోట కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. పైగా కొవ్వొత్తి ఆరిపోయేటప్పటికి గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలే ఉంటుంది. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంట మీద గ్లాసు దించేటప్పుడే లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, అంచు దగ్గర బుడగలు చూడండి. కొవ్వొత్తి ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, ఆవిరి నీళ్లవుతుంది, బయటి గాలి పీడనం నీళ్లని లోపలికి నెడుతుంది.

కొవ్వొత్తి_8
చాలా గైడుల్లో అయిదో వంతు అనే ఉంది.

సున్నపుతేట
గైడుని కాదు, గ్లాసుని అడగండి. అదే గ్లాసు, అదే నీళ్లు, కొవ్వొత్తులు మూడు పెట్టండి. ఆక్సిజన్ అంతే ఉంది కదా, నీళ్లు కూడా అంతే ఎక్కాలి. కానీ ఒక కొవ్వొత్తి కంటే బాగా ఎక్కువ ఎక్కుతాయి. రెండోది, ఎప్పుడు ఎక్కుతున్నాయో చూడండి. కొవ్వొత్తి మండుతున్నంతసేపూ కొద్దికొద్దిగా కాదు, ఆరిపోయాక గబగబా ఎక్కుతాయి.

శంఖుపువ్వు
ఇదే "ఊహ రాయించడం"కి మంచి పాఠం. ఒక కొవ్వొత్తితో చేసి, మూడు పెట్టేముందు రాయించండి: తక్కువా, అంతేనా, ఎక్కువా. అయిదో వంతు అని గైడులో చదివిన పిల్లలంతా "అంతే" అంటారు.

కొవ్వొత్తి_8
ఇప్పుడే చేసి చూశాను. ఒకదానికి వేలెడు కూడా లేదు, మూడింటికి సగం గ్లాసు దగ్గరికి వచ్చింది. నేను చెప్పింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. మరి అయిదో వంతుని నిజంగా చూపించాలంటే ఏం చెయ్యాలి?

సున్నపుతేట
తుప్పు పట్టించండి. పరీక్షనాళికలో తడి ఇనుప రజను జల్లి గోడలకి అంటుకునేలా తిప్పి, నీళ్ల గిన్నెలో బోర్లించి రెండు మూడు రోజులు వదిలేయండి. తుప్పు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, బదులుగా వాయువేదీ రాదు. 15 సెం.మీ. నాళికలో నీళ్లు 3 సెం.మీ. దగ్గరికి వచ్చి ఆగుతాయి. కొలిచేటప్పుడు నాళిక మొదటి రోజు ఉన్న వేడిలోనే ఉందా చూసుకోండి, ఎండలో పెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. రజను లేత్ షాపులో దొరుకుతుంది, నూనె ఉంటుంది కాబట్టి సబ్బుతో కడిగి, వెనిగర్‌లో ఒకసారి ముంచి కడగండి. గిన్నెలు తోమే స్టీలు పీచు పనికిరాదు, అది స్టెయిన్‌లెస్, వారమైనా తుప్పు పట్టదు.

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
అందరికీ కృతజ్ఞతలు. హీటర్ కాయిల్ ముక్కతో చేశాను. మూడు రీడింగులకి 6.8, 7.0, 6.9 వచ్చాయి. నాలుగోది 8.1.

నిక్రోమ్‌తీగ
నాలుగో సెల్లు కలిపినప్పుడు వోల్ట్‌మీటర్ వైర్లు ఎక్కడ ఉన్నాయి? కాయిల్ చివరలకా, కనెక్టర్ అవతల వైరుకా?

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
అవతల వైరుకి. ఊడిపోతే మళ్లీ పెట్టాను, అప్పుడు మారిపోయి ఉంటుంది.

నిక్రోమ్‌తీగ
అదే. జాయింటు నిరోధం కూడా కొలతలోకి వచ్చేసింది. వోల్ట్‌మీటర్ క్లిప్పులు నేరుగా కాయిల్ మీదే, కనెక్టర్ లోపలి వైపు పెట్టండి. ఆ తరవాత ముట్టుకోకండి. సెల్లు కలిపేది మరో వైపు కాబట్టి అక్కడే పని చేసుకోవచ్చు.

పీరియడ్_ప్లాన్
ఇప్పుడు ఎనిమిది పేజీల సంగతి. 45 నిమిషాల్లో హాజరు, కుదురుకోవడం పోతే చేతికి వచ్చేది 40. ఇందులో ఒకే ఒక్క భావన పెట్టుకోండి: ఒకే తీగకి V పెరిగితే I అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఓమిక్, నాన్ ఓమిక్ వాహకాలు (ఓమ్ నియమం పాటించేవి, పాటించనివి), నిరోధాన్ని ప్రభావితం చేసే అంశాలు, విశిష్ట నిరోధం అన్నీ తీసేసి తరవాతి పీరియడ్లకి పంచండి. మొదటి అయిదు నిమిషాలు టార్చి బల్బు, ఒక సెల్లు, రెండు సెల్లు, వెలుగు తేడా. తరవాత ఇరవై నిమిషాలు రీడింగులు, ప్రతిదానికీ ముందు ఊహ. గ్రాఫు పది నిమిషాలు. ఆఖరి అయిదు నిమిషాలకి ఒక్క ప్రశ్న, చిన్న చీటీ మీద: "ఇదే తీగకి 3.5 వోల్టులు ఇస్తే కరెంటు ఎంత, ఎలా తెలిసింది?" చీటీలు తీసుకెళ్లి ఇంటి దగ్గర మూడు కుప్పలు పెట్టండి: అంకె, కారణం రెండూ ఉన్నవి, అంకె మాత్రమే ఉన్నవి, రెండూ లేనివి. శుక్రవారం పీరియడ్ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కుప్పలు చెబుతాయి.
పీరియడ్ ప్లాన్‌లో విద్యాప్రమాణాల (పిల్లలు సాధించాల్సిన సామర్థ్యాల) గడిలో ఏడూ నింపాలని చూడకండి. ఈ పీరియడ్‌కి విషయావగాహన, పరికల్పన చేయడం, ప్రయోగం, ఈ మూడూ చాలు. ఎందుకు మూడే అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర కారణం ఉంది.

ఓరుగల్లు_సైన్స్
ఒకటే మీటరుతోని 48 మందికి ఎట్ల చూపిస్తవో అది చెప్పలేదు ఎవ్వలు. బల్ల మీద స్టూలు, స్టూలు మీద మీటర్లు నిలువుగ. కిటికీకి ఎదురుగ పెట్టకు. ప్రతి రీడింగుకు ఒక్కొక్క వరస నుంచి కొత్త పిల్లగాన్ని పిలిచి చదివియ్యి, వాడు గట్టిగ చెప్పాలె, ఇంకొకరు బోర్డు మీద రాయాలె. నువ్వు చదివితె అది సార్ లెక్క అయితది, వాడు చదివితె తరగతి లెక్క అయితది. అడ్డం నుంచి చూసి చదవనియ్యకు, ముల్లుకు ఎదురుగ నిలబడాలె.

బ్యాటరీ_గోదారి
బోర్డు కూడా ముందే పంచుకోండి. ఎడమ పక్క పాఠం పేరు, వలయం బొమ్మ, పీరియడ్ అయ్యేదాకా చెరపకూడదు. మధ్యలో పట్టిక, మొదటి నిమిషంలోనే గీతలు గీసి గడులు ఖాళీగా ఉంచండి. కుడి పక్క ఓట్ల లెక్క, గుణకారాలు, చెరుపుకునే స్థలం. కింద అడుగు మేర రాయకండి, వెనక బెంచీలకి కనపడదు. అక్షరం రెండు అంగుళాలు ఉండాలండి. ఒకసారి రాసి ఆఖరి బెంచీలో కూర్చుని చూసుకోండి.

పత్రహరితం
ముందు రోజు కోసిన ఆకుతో చేశాను. నల్ల కాగితం ఉన్న పట్టీ గోధుమ రంగు, మిగతాది నీలినలుపు. గంజి చుక్క పక్కనే పెట్టాను. మధ్యాహ్నం కోయడం ఒక్కటే నేను మార్చింది అనుకుంటే పొరపాటు, అయోడిన్ కూడా చిక్కగానే ఉండేదని గంజి చూశాకే తెలిసింది.

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
గురువారం కోసం ఇవాళ అదే గదిలో ఒకసారి చేసి చూశాను. క్లిప్పులు కాయిల్ మీదకి మార్చాక నాలుగో రీడింగు 7.0. ఇంకొక్క అనుమానం. ఇనుప చువ్వ పుస్తకంలో ఉంది కాబట్టి పిల్లలు "చువ్వ ఎందుకు పెట్టలేదు సార్" అంటారు. లెక్చరర్ గారు కూడా అడగవచ్చు.

చాక్‌పీస్_డబ్బా
అడిగితే చూపించేయండి. అది కూడా పాఠమే కదా.

నిక్రోమ్‌తీగ
చూపించొద్దు. స్కూలుకి ఉన్నది ఒక్క అమ్మీటర్. చివరిదాకా కొట్టుకున్న ప్రతిసారీ ముల్లు వంగే ప్రమాదం, లోపలి తీగచుట్ట కాలే ప్రమాదం. బోర్డు కుడి పక్కన నేను మొదట రాసిన లెక్క చేయించండి: 0.003 ఓమ్‌కి ఒక ఆంపియర్ పంపితే V ఎంత? 3 మిల్లీవోల్టులు. మన వోల్ట్‌మీటర్‌లో అతి చిన్న గీత ఎంత? 0.1 వోల్టు. చదవగలమా? జవాబు వాళ్లే చెబుతారు.

చాక్‌పీస్_డబ్బా
నిజమే, మీటరు ఒక్కటేనన్న సంగతి మరిచాను. లెక్కే చేయించండి. చువ్వ మాత్రం చేతిలో పట్టుకుని చేయించండి, బల్ల మీద పెట్టకండి, ఎవరో ఒకరు సెల్లుకి తగిలిస్తారు.

ఇంటర్న్‌షిప్_ఫిజిక్స్
సరే సార్. కొత్త సెల్లు నాలుగు, విడిగా రెండు తీసుకున్నాను. రేపు సాయంత్రం బెల్లు కొట్టాక అదే గదిలో ఇంకోసారి మొత్తం కట్టి, ఆఖరి బెంచీ నుంచి ఫోటో తీసి ఇక్కడ పెడతాను. ముల్లు కనపడుతోందో లేదో మీరే చెప్పండి.